సందేహాలు – సమాధానాలు: ఆదాము పండు తింటే మన పళ్లెందుకు పులియాలి?

పాపం ఎక్కడ పుట్టింది, రక్షణ అంటే ఏమిటి అన్న విషయాల మీద ఈ నెల ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే తీగకు కాసిన కాయల్లాంటి ఆరింటిని ఎంచుకుని ఇక్కడ జవాబిస్తున్నాను. ఉత్తరాలు రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు. బైబిలు వాక్యాలను మన సంఘాలలో అందరికీ నోటికి వచ్చిన పాత అనువాదం నుంచే తీసుకున్నాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నేను డిగ్రీ చదువుతున్నాను. ఎప్పుడో ఆదాము పండు తింటే ఆ పాపం మీకు అంటుకోవడం ఏం న్యాయం, తాత చేసిన అప్పు మనవడి మెడకు చుట్టినట్టు కాదా అని క్రైస్తవుడు కాని నా స్నేహితుడు అడిగాడు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని యెహెజ్కేలు గ్రంథంలోనే ఉందని చూపించాడు కూడా. నా దగ్గర జవాబు లేకపోయింది. — తెనాలి నుంచి ఒక విద్యార్థి

జవాబు: మీ స్నేహితుడు వాక్యాన్ని సరిగానే చూపించాడు. బబులోను చెరలో ఉన్న యూదులు "తండ్రులు ద్రాక్షకాయలు తినగా పిల్లల పళ్లు పులిసెను" అనే సామెత చెప్పుకుంటూ, పెద్దవాళ్లు చేసిన పాపానికి తాము అనుభవిస్తున్నామని నిట్టూర్చే రోజుల్లో, ఇకమీదట ఆ సామెత మీ నోట రాకూడదని ప్రవక్త గట్టిగా చెప్పాడు. పాపం చేసినవాడే దానికి బాధ్యుడని ఆ పద్దెనిమిదో అధ్యాయమంతా విడమరచి చెబుతుంది. కాబట్టి ఆదాము చేసిన తప్పుకు దేవుడు మీ పేరు మీద కేసు రాసిపెట్టాడన్నట్టుగా ఎవరైనా ఆదిపాపాన్ని బోధిస్తే ఆ బోధకు ముందుగా అడ్డుపడేది బైబిలే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఆదాము హవ్వల కథ ఉన్న ఆదికాండం మూడో అధ్యాయంలో "పాపము" అనే మాటే లేదు. ఆ మాట మొదటిసారి వినిపించేది నాలుగో అధ్యాయంలో, తమ్ముడి మీద కోపంతో ముఖం చిన్నబుచ్చుకున్న కయీనును దేవుడు "వాకిట పాపము పొంచియుండును" అని హెచ్చరించేచోట. పాపాన్ని అక్కడ మచ్చగానో లెక్కగానో కాక, గడప దగ్గర నక్కి కూర్చున్న మృగంలా చూపించారు. దాన్ని ఏలగలవన్న మాట కూడా ఆ వాక్యంలోనే ఉంది.

ఆదామును క్రీస్తుకు ఎదురుగా నిలబెట్టి చూపించినవాడు పౌలు. రోమీయులకు రాసిన పత్రిక ఐదో అధ్యాయంలో, ఒక మనుష్యుని ద్వారా పాపం, పాపం ద్వారా మరణం లోకంలో ప్రవేశించాయని చెప్పి, "మనుష్యులందరు పాపము చేసినందున మరణము అందరికిని సంప్రాప్తమాయెను" అని ముగిస్తాడు. గ్రీకు మూలానికి మన తెలుగు అనువాదం నమ్మకంగానే ఉంది. అయితే పశ్చిమ సంఘాలు చదువుకున్న లాటిను పాఠం "అతనియందు అందరూ పాపం చేశారు" అని అర్థం చేసుకోవడానికి వీలిచ్చింది. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో పట్టణపు బిషప్పు అగస్టీను (354–430) ఆ అర్థాన్ని ఆధారం చేసుకుని, మానవజాతి అంతా ఆదాములోనే పడిపోయిందని వాదించాడు. తలచుకుంటే మనిషి తన ప్రయత్నంతో పాపం లేకుండా బతకగలడన్న పెలేజియసు అనే బోధకుడి మాటను 418లో కార్తేజీలో కూడిన బిషప్పుల సభ తోసిపుచ్చింది. గ్రీకులోనే చదువుకున్న తూర్పు దేశాల ఆర్థడాక్స్ సంఘాలు మాత్రం మనకు ఆదాము నుంచి వచ్చింది మరణమూ బలహీనతా తప్ప ఆయన నేరం కాదని మొదటినుంచీ చెబుతూ వచ్చాయి. 1992లో వెలువడిన కతోలిక సత్యోపదేశం (ఆ సంఘపు అధికారిక బోధనా గ్రంథం) సైతం ఆదిపాపం ఒక స్థితి అనీ, చేసిన పని కాదనీ, ఆదాము సంతతిలో ఎవరికీ అది వ్యక్తిగతమైన తప్పుగా లెక్కకు రాదనీ స్పష్టం చేసింది. పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విను బాటలో నడిచే సంఘాలవారు ఇందుకు ఒప్పుకోరు. ఆదాము మనందరి ప్రతినిధిగా నిలబడ్డాడు గనుక ఆయన దోషం మన లెక్కలోకీ వస్తుందని వారి వాదన. నేను ఆ వాదనను గౌరవిస్తాను గాని, యెహెజ్కేలును పక్కన పెట్టుకుని చదివినప్పుడు నాకు అది సరిపడదు.

అలాగైతే మనకు వచ్చిందేమిటని అడుగుతారు. మా ఊళ్లో రెండు ఇళ్ల మధ్య పొలం గట్టు తగాదా ఉండేది. గట్టు జరిపింది ఎవరో, ఎన్ని చాళ్లు కలిసిపోయాయో తెలిసినవాళ్లు నా చిన్నతనానికే కాలం చేశారు. అయినా ఆ ఇంట పుట్టిన పిల్లవాడు నాలుగేళ్లకే ఏ వాకిట్లోకి అడుగు పెట్టకూడదో, పెళ్లి పందిట్లో ఎవరి పక్కన కూర్చోకూడదో నేర్చుకునేవాడు. వాడు గట్టు జరపలేదు, ఎవరినీ ఒక మాట అనలేదు. పుట్టడమే ఆ పగలో పుట్టాడు. ఇరవై ఏళ్లు వచ్చాక మాత్రం కర్ర పట్టుకుని గట్టు మీదికి వెళ్లింది వాడే, కాళ్లూ చేతులూ వాడివే, కాబట్టి ఆ దెబ్బకు జవాబుదారీ కూడా వాడే. పుట్టుకతో వచ్చింది తగాదా, స్వయంగా చేసింది దెబ్బ. ఆదిపాపానికీ మన పాపానికీ ఉన్న సంబంధం నాకు ఈ మాదిరిగానే అర్థమైంది.

మనకు పాపం అనగానే చిత్రగుప్తుడి చిట్టా గుర్తుకొస్తుంది. పుణ్యం ఒక వైపు, పాపం ఒక వైపు, చివర నికరం. క్రైస్తవ కుటుంబాలలో పుట్టినవారి మనసులో కూడా ఈ చిట్టాయే ఉంటుంది. తాత అప్పు అన్న పోలిక మీ స్నేహితుడికి తోచింది కూడా అందుకే. బైబిలులో పాపానికి ముఖ్యంగా మూడు హెబ్రీ మాటలు ఉన్నాయి. ఒకటి గురి తప్పడం. న్యాయాధిపతుల గ్రంథంలో ఎడమచేతి వాటం గల బెన్యామీనీయులు ఏడువందల మంది వెంట్రుకను గురిచూసి వడిసెలతో రాయి విసిరినా తప్పిపోదని చెప్పేచోట వాడిందీ ఆ ధాతువునే. రెండోది వంకరపోవడం, మూడోది తిరగబడటం. యాభై ఒకటో కీర్తన మొదటి రెండు వచనాలలో అతిక్రమము, దోషము, పాపము అని ఈ మూడూ వరసగా వస్తాయి. మూడింటికీ ఎదుట మరొకరు ఉండాలి, లేదా చేరవలసిన గురి ఒకటి ఉండాలి. ఎవరితోనూ సంబంధం లేని ఒంటరి లెక్కగా పాపాన్ని చూడటం ఆ భాషకు తెలియదు. మీ స్నేహితుడికి ఈ తగాదా పోలిక చెప్పి చూడండి. ఒప్పుకోకపోవచ్చు, కాని ప్రశ్న మారుతుంది.

ప్రశ్న: ఆ పండు యాపిలేనా? మా సండే స్కూలు బొమ్మల్లో అదే వేస్తున్నారు. — గుడివాడ నుంచి ఒక ఉపాధ్యాయిని

జవాబు: కాదని చెప్పలేం, అవునని అసలే చెప్పలేం. గ్రంథంలో ఉన్నది "మంచి చెడ్డల తెలివినిచ్చు వృక్షము" అని మాత్రమే. లాటినులో యాపిలుకూ చెడుకూ దాదాపు ఒకే మాట ఉండటం, ఐరోపా చిత్రకారులు తమ పెరట్లో పండే పండునే గీయడం వల్ల ఆ బొమ్మ స్థిరపడింది. యూదు పెద్దలు ద్రాక్ష అనీ, అంజూరం అనీ, గోధుమ అనీ రకరకాలుగా చెప్పారు. తిన్న వెంటనే కట్టుకున్నది అంజూరపు ఆకులే గనుక బొమ్మ వేయాల్సి వస్తే నేను అంజూర చెట్టునే వేయిస్తాను. మీ పిల్లలకు మామిడిపండు వేసినా వాక్యానికి వచ్చే నష్టం లేదు.

ప్రశ్న: దేవుడు చేసినదంతా చాలా మంచిదిగా ఉందని ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతుంది. మరి సాతాను ఎక్కడి నుంచి వచ్చాడు? వాణ్ణి చేసింది దేవుడే అయితే పాపానికి మూలం దేవుడే కావాలి కదా. — నల్లగొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: మనం చిన్నప్పటి నుంచి విన్న కథలో దేవదూతలకు నాయకుడైన లూసిఫరు గర్వించి ఆకాశం నుంచి పడి సాతాను అయ్యాడని ఉంటుంది. ఈ కథ బైబిలులో ఒకచోట కుదురుగా ఉండదు, ముక్కలు ముక్కలుగా ఏరి కూర్చినది. ఏదెను తోటలో మాట్లాడినది యుక్తిగల సర్పం. దాన్ని సాతాను అని ఆదికాండం అనదు. ఆ సర్పమే సాతాను అని చెప్పేది బైబిలు చివరి గ్రంథమైన ప్రకటన, పన్నెండో అధ్యాయంలో. "తేజోనక్షత్రమా, వేకువచుక్కా, నీవెట్లు ఆకాశమునుండి పడితివి?" అన్న యెషయా పద్నాలుగో అధ్యాయపు వాక్యం బబులోను రాజును ఎత్తిపొడుస్తూ పాడిన పాటలోది. లూసిఫరు అనేది ఆ వేకువచుక్కకు లాటిను మాట, అంతే. పాపం చేసిన దూతల ప్రస్తావన పేతురు రెండో పత్రికలోనూ యూదా పత్రికలోనూ ఉంది గాని, వారు ఎందుకు చేశారన్న వివరం అక్కడా లేదు.

అదీగాక, దూతలు పడ్డారని చెబితే మీ ప్రశ్న తీరదు, ఒక మెట్టు వెనక్కి జరుగుతుంది. మంచి దూతకు చెడు తలపు ఎలా వచ్చింది? దీనికి అగస్టీను ఇచ్చిన జవాబు, చెడు అనేది ఒక పదార్థం కాదు, ఉండవలసిన మంచి లేకపోవడమే అని. కుండకు చిల్లు పడితే నీళ్లు కారిపోవడం నిజమే, నేల తడవడం నిజమే, కాని చిల్లు అనే వస్తువును కుమ్మరి తయారుచేసి కుండలో పెట్టలేదు. ఈ పోలిక నాది, లోపం ఉంటే నాకే చెందుతుంది. చిల్లు పడే కుండను ఎందుకు చేశాడని మీరు మళ్లీ అడగవచ్చు. ప్రేమించే స్వేచ్ఛ ఉన్న ప్రాణికి కాదనే స్వేచ్ఛ కూడా ఉండక తప్పదని క్రైస్తవ పండితులు అంటారు. ఆ జవాబు నాకు తొంభై పాళ్లు తృప్తినిస్తుంది, మిగిలిన పది పాళ్లు ఇవ్వదు.

గ్రంథం తానుగా పాపానికి వంశవృక్షం చెప్పిన చోటు ఒకటి ఉంది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయంలో, దేవుడు ఎవరినీ శోధించడని, ప్రతివాడూ తన సొంత దురాశ చేత ఈడ్వబడతాడని చెప్పి, "దురాశ గర్భము ధరించి పాపమును కనగా, పాపము పరిపక్వమై మరణమును కనును" అంటాడు. తల్లి, బిడ్డ, మనవడు. సాతాను పేరు ఆ వంశంలో లేదు. తోటలో దేవుడు "నీవు తింటివా?" అని అడిగినప్పుడు ఆదాము "నాతో నుండుటకు నీవు నాకిచ్చిన ఈ స్త్రీయే" అన్నాడు, ఆ మాటలో తప్పు భార్య మీదికీ, ఆమెను ఇచ్చిన దేవుడి మీదికీ ఒకేసారి వెళ్లిపోయింది. హవ్వ సర్పాన్ని చూపించింది. మీ ప్రశ్న అలాంటిదని నేను అనడం లేదు. పాపానికి మూలం వెతికే పని మానవుడు మొదటిసారి ఎక్కడ, ఏ అవసరం కొద్దీ మొదలుపెట్టాడో మాత్రం గుర్తుచేస్తున్నాను.

ప్రశ్న: మా బాబు పుట్టిన ఆరో రోజున ఆసుపత్రిలోనే చనిపోయాడు. జ్ఞానస్నానం ఇప్పించే వ్యవధి దొరకలేదు. జన్మపాపంతో పోయాడు గనుక వాడికి మోక్షం లేదని బంధువు ఒకామె అన్నారు. నేను చేసిన ఏ పాపం వల్ల ఇలా జరిగిందో అని రోజూ ఏడుస్తున్నాను. — ఖమ్మం నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ఆ బంధువు చెప్పింది సంఘం బోధ కాదు. ఇది ముందు మనసులో పెట్టుకోండి.

జ్ఞానస్నానం, అంటే బాప్తిస్మం, లేకుండా చనిపోయిన శిశువుల గురించి అగస్టీను కఠినంగా రాసిన మాట నిజమే, వారికి అతి స్వల్పమైన శిక్ష ఉంటుందన్నాడు. ఆ కాఠిన్యాన్ని తట్టుకోలేక మధ్యయుగపు పండితులు బాధ లేని ఒక అంచు లోకాన్ని ఊహించారు, దాన్నే లింబో అన్నారు. అది వందల ఏళ్లు బోధించబడినా విశ్వాస సత్యంగా ఎన్నడూ ప్రకటించబడలేదు. ఇప్పటి కతోలిక సత్యోపదేశం అటువంటి బిడ్డలను దేవుని కరుణకు అప్పగిస్తుంది. 2007లో వాటికను వేదాంత సంఘం ప్రచురించిన పత్రం ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయని చెప్పింది. బాప్తిస్టు, పెంతెకొస్తు సంఘాలైతే శిశువులకు బాప్తిస్మమే ఇవ్వవు. వారి ఇళ్లలో పోయిన పసిబిడ్డల గురించి వారెవరూ ఈ మాట అనరు.

దావీదు బిడ్డ ఏడో రోజున చనిపోయాడు. ఆనాటికి వాడికి సున్నతి కూడా జరిగి ఉండదు, అది ఎనిమిదో రోజు చేసేది. దావీదు స్నానం చేసి, బట్టలు మార్చుకుని, "నేను వానియొద్దకు పోవుదును గాని వాడు నాయొద్దకు మరల రాడు" అన్నాడు. బిడ్డ ఉన్నచోటికి తాను వెళతానన్న నమ్మకం ఆ తండ్రికి ఉంది.

మీరు అడిగిన రెండో మాటకు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చూడండి. పుట్టుగుడ్డిని చూసి, వీడు చేసిన పాపమా, వీని కన్నవారు చేసిన పాపమా అని శిష్యులు అడిగారు. వీడైనా కన్నవారైనా కాదు అని యేసు ఒక్కమాటలో కొట్టివేశాడు. మీ ప్రశ్నకు కూడా ఆయన జవాబు అదే.

ఒక ఆచరణ విషయం. తల్లిదండ్రులు జ్ఞానస్నానం ఇప్పించాలనుకున్న బిడ్డ అంతలోనే చనిపోతే, పీఠాధిపతి (బిషప్పు) అనుమతితో సంఘం తరఫున అంత్యక్రియల ప్రార్థనలు జరిపించవచ్చునని కతోలిక చట్టంలోనే ఉంది. అప్పుడు అవి జరగకపోయి ఉంటే, బాబు పేరున పూజ పెట్టించమని మీ విచారణ గురువులను ఇప్పుడైనా అడగండి. వాడికి పేరు పెట్టారో లేదో మీరు రాయలేదు. పెట్టకపోతే పెట్టండి.

ప్రశ్న: నేను క్రైస్తవుడిని కాను, తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ప్రాయశ్చిత్తం అంటే తప్పు చేసినవాడు తాను చేసుకునేది. మీ గ్రంథాలలో వేరొకరు చేసేదానికి ఆ మాట వాడతారు. ఒకరి తప్పుకు మరొకరు చనిపోవడం ప్రాయశ్చిత్తం ఎలా అవుతుంది? దేవుడు ఊరికే క్షమించలేడా? — హైదరాబాదు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మాస్టారూ, మాట విషయంలో మీరు చెప్పింది అక్షరాలా నిజం. మన అనువాదకులు హిందూ ధర్మశాస్త్రాల నుంచి "ప్రాయశ్చిత్తము" అనే మాటను తీసుకున్నారు, కర్తను మార్చారు. చాంద్రాయణం అనే ప్రాయశ్చిత్త వ్రతం చేసేది దోషి. లేవీయకాండం పదహారో అధ్యాయంలో చేసేది యాజకుడు, అదీ ప్రజలందరి కోసం. ఏడాదికి ఒకరోజు రెండు మేకలను తెచ్చి చీట్లు వేస్తారు. ఒకదాన్ని బలి ఇస్తారు, రెండోదాని తల మీద యాజకుడు రెండు చేతులూ ఉంచి ప్రజల పాపాలన్నీ ఒప్పుకుని అడవికి తోలించివేస్తాడు. దానికి మనవాళ్లు పెట్టిన పేరు "విడిచిపెట్టే మేక". బలి మేక రక్తాన్ని మందసం (దేవుని ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె) మీది మూత దగ్గర చిలకరిస్తారు. ఆ మూతకు తెలుగులో "కరుణాపీఠము" అని పేరు. పౌలు రోమీయులకు రాస్తూ క్రీస్తును "కరుణాధారముగా" దేవుడు బయలుపరచాడని అన్నచోట గ్రీకులో ఉన్నది ఆ మూతకు వాడిన మాటే. ఈ రెండు తెలుగు మాటలనూ "కరుణ" అనే దారంతో కుట్టిన అనువాదకుడి చెవికి నేను ఎప్పుడూ నమస్కరిస్తాను.

సిలువ ఎలా పనిచేస్తుందన్నదానికి సర్వ సంఘాలూ ఒప్పుకున్న ఒకే సిద్ధాంతం లేదు. క్రీస్తు దైవత్వం గురించి 325లో నీకయాలో సభ పెట్టి మాటమాటా తూచినవారు, సిలువ విషయంలో "మన రక్షణ కొరకు" అన్న మాటతో ఆగిపోయారు. క్రీస్తు మరణాన్నీ సాతానునూ జయించాడన్నది తొలి శతాబ్దాల బోధ. పాపం వల్ల దేవుని గౌరవానికి కలిగిన లోటును మనిషి తీర్చాలి గాని తీర్చలేడు, దేవుడే మనిషై తీర్చాడని 1098లో ఆన్సెల్ము అనే బిషప్పు వాదించాడు. మనకు రావలసిన శిక్షను ఆయన భరించాడన్నది సంస్కరణ కాలం నుంచి ప్రొటెస్టెంటు పీఠాల మీద ఎక్కువగా వినిపించే మాట. ఈ చివరిదాన్ని మోటుగా చెప్పినప్పుడు, కోపిష్టి తండ్రి ఒకరి మీది కసి నిరపరాధి అయిన కొడుకు మీద తీర్చుకున్నట్టు వినబడుతుంది. మీ అభ్యంతరం దాని మీదే అయితే అది నాకూ ఉంది. పౌలు మాట వేరు: "దేవుడు క్రీస్తునందు లోకమును తనతో సమాధానపరచుకొనుచు" ఉన్నాడు. సిలువ మీద బాధపడిన పక్షంలో దేవుడే ఉన్నాడు.

ఊరికే క్షమించడం గురించి. పైన తెనాలి విద్యార్థికి గట్టు తగాదా గురించి రాశాను. ఆ తగాదా చివరికి తెగింది. ఒక ఇంటి పెద్దాయన, తన వాళ్లు వద్దంటున్నా, తనకు న్యాయంగా రావలసిన రెండు చాళ్లూ వదులుకుని కొత్త గట్టు వేయించి, అవతలి ఇంటికి తానే నడిచి వెళ్లాడు. చేతకానివాడని ఊరు నవ్వింది. ఊరికే క్షమించాడని పైకి అనిపిస్తుంది గాని, ఆ రెండు చాళ్ల పంట ఏటా ఆయనకే పోయింది, ఆ నవ్వునూ ఆయనే భరించాడు. క్షమించేవాడికి ఖర్చు లేని క్షమాపణను నేను ఎక్కడా చూడలేదు. సిలువను నేను ఆ ఖర్చుగా చదువుకుంటాను.

ప్రాయశ్చిత్తానికి తోడు "విమోచన క్రయధనము" అనే మాట కూడా మార్కు సువార్తలో ఉంది, బానిసను విడిపించడానికి కట్టే సొమ్ము అని దాని అర్థం. ఆ సొమ్ము ఎవరికి కట్టారని నాలుగో శతాబ్దంలో పండితులు వాదులాడుకున్నారు. సాతానుకు అని నిస్సా గ్రెగరీ అంటే, దొంగకు సొమ్ము కట్టడమేమిటని నాజియాంజుసు గ్రెగరీ మండిపడ్డాడు. మన నేల మీద ఆ మాట విన్నవారికి అలాంటి సందేహం వచ్చినట్టు లేదు. 1876–78 కరవు తరవాత, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగ కుటుంబాలవారు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరవు పనులు జరిగినన్నాళ్లూ మిషనరీ క్లౌ బాప్తిస్మాలు ఆపి ఉంచాడు. వెట్టి అంటే ఏమిటో ఒంటితో తెలిసినవారికి విడుదల అనే మాట ఉపమానం కాదు. సిద్ధాంతం రాసే బల్ల దగ్గర దొరకని అర్థం ఆ మాటకు ఆ రేవులో దొరికిందని నా నమ్మకం.

ప్రశ్న: మా సంఘ పెద్దల్లో ఒకరు నా దగ్గర లక్షన్నర అప్పు తీసుకుని నాలుగేళ్లుగా ఇవ్వడం లేదు. ఫలానా తేదీన రక్షింపబడ్డానని, పాత పాపాలన్నీ దేవుడు క్షమించాడని ప్రతి కూడికలోనూ సాక్ష్యం చెబుతున్నారు. అడిగితే, క్రియల వల్ల కాదు కృపచేతనే అని వాక్యం చూపిస్తున్నారు, పైగా నన్నే క్షమించమంటున్నారు. నేను నోటు చింపేయాలా? — సికింద్రాబాదు నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఆయన చూపిస్తున్నది ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం ఎనిమిది, తొమ్మిది వచనాలు. పదో వచనం కూడా చదవమనండి. సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తునందు సృష్టింపబడ్డామని అందులో ఉంది. పదహారో శతాబ్దంలో సంస్కర్త లూథరు లేపిన ఈ కృపా క్రియల వివాదం మీద పశ్చిమ సంఘం చీలిపోయి శతాబ్దాలు గడిచాయి. చివరికి 1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గులో లూథరను సంఘాల సమాఖ్య, కతోలిక సంఘం కలిసి ఒక ప్రకటన మీద సంతకాలు చేశాయి: మనలో ఏ యోగ్యతా లేకుండా, కృపచేతనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ కృపే మనల్ని మంచి పనులకు సిద్ధపరుస్తుంది. ఇంత పోరాడినవారిలో ఏ పక్షమూ అప్పు ఎగ్గొట్టవచ్చునని అనలేదు.

"రక్షింపబడ్డాను" అని తేదీతో చెప్పడం మన సంఘాలలో వాడుక. పౌలు మాత్రం ఆ క్రియను మూడు కాలాలలోనూ వాడాడు. ఎఫెసీ పత్రికలో రక్షింపబడియున్నారు, కొరింథీ మొదటి పత్రికలో రక్షింపబడుచున్న మనకు, రోమా పత్రికలో రక్షింపబడుదుము. ఆ పెద్దమనిషి మొదటి కాలం దగ్గరే ఆగిపోయారు.

యేసు స్వయంగా ఒక ఇంటికి రక్షణ వచ్చిందని ప్రకటించిన సందర్భం లూకా సువార్త పంతొమ్మిదో అధ్యాయంలో ఉంది, ఆ ఇల్లు పన్నులు వసూలు చేసే సుంకరి జక్కయ్యది. ఆస్తిలో సగం బీదలకిస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని జక్కయ్య నిలబడి చెప్పాక "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్నాడు. మోషే ధర్మశాస్త్రం అడిగింది అంత కూడా కాదు. సంఖ్యాకాండం ఐదో అధ్యాయం ప్రకారం, తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి నష్టపోయినవాడికి ఇవ్వాలి. మీ లెక్కలో అది లక్షా ఎనభై వేలు అవుతుంది. జక్కయ్య ఆ డబ్బు కట్టి రక్షణ కొనుక్కోలేదు. చెట్టు దిగమని, నీ ఇంట బస చేస్తానని యేసు ముందే పిలిచాడు. ఆ పిలుపు అందినవాడికి ఇంట్లో ఇతరుల సొమ్ము ఉండటం భరించరానిదైంది.

మీరు చేయవలసింది మత్తయి పద్దెనిమిదో అధ్యాయంలో వరసగా ఉంది. ముందు ఒంటరిగా అడగాలి, అది అయింది. వినకపోతే ఒకరిద్దరు సాక్షులను వెంటబెట్టుకుని అడగాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం అంటే ఆయన సాక్ష్యం చెబుతున్న ఆ కూడికే. సహోదరుడిని కోర్టుకు ఈడ్వడం కంటే నష్టం సహించడం మేలని పౌలు కొరింథీయులకు రాసిన మాట మీకూ తెలిసే ఉంటుంది. అయితే అదే చోట, సహోదరులనే అపహరిస్తున్నారని తీసుకున్నవాళ్లనూ ఆయన గద్దించాడు. ఇంకొకటి, ప్రామిసరీ నోటుకు మామూలుగా మూడేళ్లలో కాలదోషం పడుతుంది. మధ్యలో ఆయన కొంత చెల్లించి సంతకం పెట్టారో లేదో చూసుకోండి.

క్షమించడం గురించి అడిగారు. ఆయన మీద పగ పెట్టుకోకుండా ఉండటం, ఆయన చెడిపోవాలని కోరుకోకుండా ఉండటం మీ పని, అది ఈ రోజే చేయవచ్చు. అప్పు వదిలేయడం వేరే విషయం. ఆయన నిజంగా ఇవ్వలేని స్థితిలో ఉంటే, మీకు స్తోమత ఉంటే, మీరంతట మీరే నోటు చింపేయవచ్చు. చింపమని మిమ్మల్ని అడిగే హక్కు మాత్రం ఆయనకు లేదు.